ఇరవై మొక్కలు, ఆరు వేలు

పాప మొదటి పుట్టినరోజుకి రిటర్న్ గిఫ్టులు మానేసి, బెంగళూరు దగ్గరి బన్నేరుఘట్ట అడవి అంచున మొక్కలు నాటే ఒక సంస్థకి ఇరవై మొక్కల కింద 6,000 కట్టాం. మొక్కకి 300. "నర్సరీలో కానుగ మొక్క ముప్పై రూపాయలకి ఇస్తారు కదమ్మా" అన్నారు మా అత్తగారు. నాకూ అదే అనుమానం. ఫోన్ చేశాను. ఎత్తినతను హిందూపురం అబ్బాయట, తెలుగులోనే లెక్క చెప్పాడు. మొక్క, గుంత, కూలి అన్నీ కలిపినా సగం కాదు. మిగతాదంతా మూడు వేసవులు ట్యాంకరు నీళ్లు, చుట్టూ ముళ్లకంప, చచ్చిన చోట మళ్లీ నాటడం.

"సీఎస్ఆర్ డబ్బు నాటే రోజుకి దండిగా వస్తుంది మేడం, మార్చిలో నీళ్లకి రాదు" అన్నాడు. సీఎస్ఆర్ అంటే కంపెనీల సామాజిక బాధ్యత ఖర్చు; పెద్ద కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఇలాంటి పనులకి పెట్టాలని చట్టం. మా ఆఫీసువాళ్లూ ఒకసారి బస్సులు వేసి, టీషర్టులిచ్చి మాచేత నాటించారు. అవి ఏమయ్యాయో ఎవరూ అడగలేదు, నేను కూడా.

ఏప్రిల్‌లో వెళ్లి చూశాం. ఊరి గోమాళం, అంటే పశువుల బీడు. ఇరవైలో పదహారు బతికాయి. కానుగలు నిక్షేపంగా ఉన్నాయి, నేరేళ్లే మేకల పాలయ్యాయి. పక్కనే నలుగురు ఆడవాళ్లు లాంటానా కంపని వేళ్లతో సహా పెకలిస్తున్నారు. పూలు ముద్దుగానే ఉంటాయి గానీ, అది కమ్ముకున్న చోట గడ్డి లేవదు, జంతువులకి మేత దొరకదు. పైపైన నరికితే వానకి మళ్లీ చిగురిస్తుంది. నాకు నాటడం కన్నా ఈ పనే గట్టిదనిపించింది. చిత్రం, వాళ్ల వెబ్‌సైటులో దీనికి డబ్బు కట్టే వీలే లేదు. పాప పుట్టినరోజుకి కంప పీకించామని ఎవరు చెప్పుకుంటారు!

రసీదు దగ్గర మాత్రం చుక్కలు చూపించారు. పన్ను మినహాయింపు కోసం మే 31 లోపు ఇవ్వాల్సిన విరాళం సర్టిఫికెట్, ఫారం 10బీఈలో మా ఆయన పాన్ నంబరు ఒక అక్షరం తప్పు. ఆరు మెయిళ్లు పెట్టాక జూలై ఆఖరులో సరిచేశారు. రిటర్న్ వేసేదాకా ఇంట్లో ఒకటే టెన్షన్. అన్నట్టు, 80జీ (విరాళాలకి పన్ను మినహాయింపు ఇచ్చే సెక్షన్) అంటే సగం డబ్బు వెనక్కొస్తుందనుకోకండి. 6,000లో సగం ఆదాయంలోంచి తీసేస్తారు, 20 శాతం శ్లాబులో మాకు మిగిలింది 600 చిల్లర. అదీ పాత పన్ను విధానంలో ఉన్నాం కాబట్టి.

నాలుగు స్టార్లు. వచ్చే ఏడు కంప పీకడానికే కడతాం, ఎకరాకి ఎంతవుతుందో చెప్పమన్నాను. కనుక్కుని చేస్తామన్నారు, ఇంకా ఫోన్ రాలేదు.