హన్మకొండ రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం: వరంగల్ టూర్ పోతే దీనికి గూడ ఒక గంట పెట్టుకోండ్రి

వరంగల్ టూర్ అంటే అందరిదీ ఒక్కటే లిస్టు. వేయి స్తంభాల గుడి, ఖిల్లా, భద్రకాళి, టైం మిగిలితే రామప్ప. మేం కరీంనగర్ నుంచి పోయినప్పుడు మా బావ ఈ లైబ్రరీ గూడ చూడాల్సిందే అని పట్టు పట్టిండు, ఆయనకు పుస్తకాల పిచ్చి. ఆటోల ఎక్కితే మాత్రం పూర్తి పేరు చెప్పుండ్రి, ఉత్తగ లైబ్రరీ అంటే మమ్మల్ని తీస్కపోయి ఇంకో దగ్గర దించిండు.

సెల్ఫీల కోసం అయితే పోకుండ్రి. ఇది చూసే జాగ కాదు, కూసోని చదివే జాగ. పేపర్ చదివే పెద్దమనుషులు, పోటీ పరీక్షలకు ప్రిపేర్ అయ్యే పోరగాండ్లు, పుస్తకాలు, అంతే. అసలు సంగతి దీని ఎనక కథల ఉన్నది, అది తెల్సుకోని పోతెనే మజా.

1904ల పెట్టిన్రు దీన్ని. అంతకు మూడేండ్ల ముందు, 1901ల, హైదరాబాద్‌ల శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం మొదలైంది, తర్వాత మన హన్మకొండల ఇది. అప్పుడు నిజాం రాజ్యం, కచేరీల ఉర్దూ, పెద్ద చదువులు ఉర్దూల, సభ పెట్టాలన్నా పర్మిషనే, తెలుగు పుస్తకం పేపర్ దొరకబట్టుడే కష్టమైన కాలంల నలుగురు కల్సి తెలుగు చదువుకునేతందుకు ఇసొంటి లైబ్రరీలే దిక్కైనయి. తర్వాత నిజాం రాజ్యంల తెలుగోళ్ళ సంఘం ఆంధ్ర మహాసభ దాకా పోయిన కదలిక మొత్తం ఇట్ల చిన్నగనే మొదలైంది. కాళోజీ గూడ గ్రంథాలయ ఉద్యమంల తిరిగినాయనే గదా.

మా బావ ఒక మంచి డౌటు అడిగిండు. కాకతీయుల ఊర్ల గణపతిదేవుని పేరో రుద్రమ పేరో పెట్టక ఎక్కడో రాజమహేంద్రవరం రాజు పేరెందుకు పెట్టిన్రు అని. రాజరాజ నరేంద్రుడు అంటే నన్నయ్యతోని భారతం తెలుగుల రాయించిన రాజు మరి! గోదావరి అవుతల ఇవుతల అన్న లెక్క వాళ్ళకు లేదు, తెలుగుకు ఎవరు చేసిన్రో వాళ్ళ పేరు పెట్టుకున్నరు. 1918ల వరంగల్ మట్టెవాడల పెట్టిన దానికి గూడ శబ్దానుశాసనాంధ్ర భాషా నిలయం అనే పెట్టిన్రు, అదీ నన్నయ్య లెక్కనే, శబ్దశాసనుడు అని ఆయన బిరుదు గదా. ఇప్పటి గొడవలు చూస్తుంటే నాకు ఇదే మస్తు నచ్చింది.

నేనైతే నాలుగు స్టార్లు ఇస్త. ఒకటి ఎందుకు తగ్గించిన అంటే చిన్నపిల్లలను తీస్కపోతే వాళ్ళకు అయిదు నిమిషాలల్ల బోర్ కొడ్తది, మీకు కూసోబుద్ధి కాదు. లోపట మాట్లాడుడు, ఫోన్ల వీడియోలు పెట్టుడు వద్దు, పక్కన పరీక్షకు చదువుకునే పోరడు ఉంటడు. ఫొటో తీయాలంటే అడిగి తీయుండ్రి. వేయి స్తంభాల గుడి గూడ హన్మకొండలనే గాబట్టి పొద్దున గుడి చూసుకోని ఇటు వస్తే సరిపోతది, ఓపిక ఉంటే మట్టెవాడ గూడ అదే రోజు కలుపుకోండ్రి.