స్టేజ్ లైటింగ్ నేర్చుకోవాలంటే ఏ విజువలైజర్ మేలు?

విజువలైజర్ అంటే స్టేజ్ మీద లైట్లు ఎలా వెలుగుతాయో కంప్యూటర్ తెర మీదే చూపించే సాఫ్ట్‌వేర్. వాటిలో డిపెన్స్ అనేదానిలో చేసిన డెమో వీడియో ఒక్కటి చూస్తే చాలు, కొత్తవాళ్ల మనసు అక్కడే ఆగిపోతుంది. పొగలో దూసుకుపోయే బీమ్‌లు, ఫౌంటెన్ నీళ్ల మీద మెరిసే రంగులు, అచ్చం షో చూస్తున్నట్టే ఉంటుంది. అయితే దానికి విండోస్, గట్టి గ్రాఫిక్స్ కార్డు, కొనుక్కున్న లైసెన్సు, మూడూ కావాలి. నేర్చుకునే దశలో దాని జోలికి వెళ్లకండి. రేపు మీ చేతికి ఏ కన్సోల్ (లైట్లను నడిపే బోర్డు) వస్తుందో ముందు అది చూసుకోండి. బొమ్మ అందం తర్వాతి సంగతి.

ఆ లెక్కన మిగిలేవి ముఖ్యంగా మూడు: మ్యాజిక్‌క్యూ, గ్రాండ్‌ఎంఏ3 ఆన్‌పీసీ, క్యాప్చర్.

మ్యాజిక్‌క్యూ బ్రిటన్‌కు చెందిన ఛామ్‌సిస్ వాళ్ల కన్సోల్ సాఫ్ట్‌వేర్. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ ఉచితంగా నడుస్తుంది. దాంతోపాటే మ్యాజిక్‌విస్ అనే విజువలైజర్ కూడా వస్తుంది. ఆ బొమ్మ చూసి ఎవరూ ముచ్చటపడరు, నిజమే. కానీ దీనికి ఒక పెద్ద సుగుణం ఉంది. కంపెనీ హార్డ్‌వేర్ ఏమీ లేకపోయినా ల్యాప్‌టాప్ నుంచి ఆర్ట్‌నెట్ (నెట్‌వర్క్ మీద వెళ్లే లైటింగ్ సిగ్నల్) బయటికి పంపిస్తుంది. ఆ సిగ్నల్‌ను లైట్లకు అందించే ఒక చిన్న నోడ్, రెండు ఎల్‌ఈడీ పార్ లైట్లు దొరికితే, తెర మీద చేసిన క్యూ (దాచిపెట్టుకున్న లైట్ల అమరిక) గదిలో వెలగడం అదే రోజు చూడొచ్చు. కొన్ని సదుపాయాలు మాత్రం వాళ్ల హార్డ్‌వేర్ తగిలిస్తేనే తెరుచుకుంటాయి. మొదట్లో వాటితో పనిపడదు.

ఎంఏ కంపెనీ కన్సోల్ సాఫ్ట్‌వేర్ గ్రాండ్‌ఎంఏ3 ఆన్‌పీసీ కూడా ఉచితమే, విజువలైజర్‌గా 3డీ విండో లోపలే ఉంటుంది. పెద్ద కచేరీల్లో, టీవీ షోల్లో పనిచేయాలన్న ఆశ ఉంటే ఎప్పటికైనా ఇది నేర్చుకోక తప్పదు. కమాండ్ లైన్‌లో 'ఫిక్స్‌చర్ 1 త్రూ 8 ఎట్ 50' (1 నుంచి 8 దాకా లైట్లు 50 శాతంలో) అని కొట్టడం అలవాటైతే చేతికి వచ్చే వేగమే వేరు. చిక్కు రెండు చోట్ల ఉంది. ఎంఏ హార్డ్‌వేర్ లేకుండా నిజం లైటు ఒక్కటీ వెలగదు. పైగా మెనూల అడవిలో మొదటి కొన్ని రోజులు దారి దొరకదు, విసుగొచ్చి మానేసేవాళ్లు చాలామంది.

ఇక్కడ ప్యాచ్ (ఏ లైటు ఏ అడ్రస్‌లో ఉందో సాఫ్ట్‌వేర్‌కు చెప్పడం) గురించి చెప్పాలి, ఎందుకంటే ఏ సాఫ్ట్‌వేర్ తీసుకున్నా కొత్తవాళ్లు పడేది అక్కడే. మన ఈవెంట్లలో బీమ్ లైటు ఏ కంపెనీదైనా 'షార్పీ'యే! నిజానికి షార్పీ అన్నది క్లే పాకీ వాళ్ల మోడల్. దానికి 16 ఛానెళ్ల (రంగు, కదలిక లాంటివి నడిపే సిగ్నల్ నంబర్లు) మోడ్ ఒకటి, 20 ఛానెళ్లది ఒకటి ఉన్నాయి. లైబ్రరీలో షార్పీ ఎంచుకుని, 16 లెక్కన నాలుగు లైట్లకు 1, 17, 33, 49 అడ్రస్‌లు ఇస్తారు. తెర మీద అన్నీ బుద్ధిగా తిరుగుతాయి. తీరా స్టేజ్ దగ్గర అద్దెకొచ్చిన లైటు వేరే కంపెనీది, దాని మెనూలో 20 ఛానెళ్ల మోడ్ పెట్టి ఉంటుంది. రంగు మార్చమంటే గోబో (వెలుగులో పడే డిజైన్) మారుతుంది. రెండో లైటు రంగు మారిస్తే మొదటి లైటులో ఇంకేదో కదులుతుంది, ఎందుకంటే 17 నుంచి 20 దాకా రెండూ పంచుకుంటున్నాయి. అందుకే లైట్లు ఇచ్చేవాళ్లను మోడల్ పేరు, మోడ్ ముందే అడిగి, మాన్యువల్ చూసి ప్రొఫైల్ (ఏ ఛానెల్ ఏ పని చేస్తుందన్న పట్టిక) సొంతంగా రాసుకోవడం నేర్చుకోవాలి. మ్యాజిక్‌క్యూ హెడ్ ఎడిటర్‌లో ఈ పని తేలిక. ఎంఏ3లో కాస్త చెమటోడ్చాలి, కాకపోతే జీడీటీఎఫ్ అనే రెడీమేడ్ ప్రొఫైల్ ఫైల్ దొరికితే నేరుగా తెచ్చుకోవచ్చు.

స్వీడన్ వాళ్ల క్యాప్చర్ దారి వేరు. ఇది కన్సోల్ కాదు. ట్రస్ (లైట్లు కట్టే లోహపు చట్రం) గీయడానికి, లైట్లు వేలాడదీయడానికి, ప్లాట్ (ఏ లైటు ఎక్కడుందో చూపే పటం) ప్రింట్ తీయడానికి, ఈవెంట్ మేనేజర్‌కు 'స్టేజ్ ఇలా ఉంటుంది సార్' అని చూపించడానికి. ఆ పనికి పై రెండూ దీని ముందు నిలవవు. తక్కువ ధర ఎడిషన్లలో యూనివర్స్‌లకు (ఒక్కోటి 512 ఛానెళ్లు) పరిమితి ఉంటుంది. 16 ఛానెళ్ల లైట్లయితే ఒక యూనివర్స్‌లో 32 పడతాయి కాబట్టి చిన్న ఫంక్షన్‌కు అది చాలు. డిజైన్ వైపు వెళ్లాలనుకునేవాళ్లు డబ్బు పెట్టాల్సింది దీని మీదే, కానీ మొదటి పెళ్లి సంగీత్ బేరం చేతికొచ్చాకే.

ఏ విజువలైజర్‌నీ పూర్తిగా నమ్మకూడని చోట్లు రెండున్నాయి. తెర మీద పొగ ఎప్పుడూ సమంగా పరుచుకుని ఉంటుంది. ఓపెన్ గ్రౌండ్‌లో గాలి వీస్తే హేజ్ (పల్చటి పొగ) నిలవదు, బీమ్ కనిపించదు. ఇక వెనక ఎల్‌ఈడీ వాల్ ఫుల్ బ్రైట్‌నెస్‌లో ఉంటే మీరు కష్టపడి కలిపిన లేత రంగులన్నీ వెలవెలబోతాయి.

నా ఓటు మ్యాజిక్‌క్యూకే. క్యూలు, ప్యాలెట్లు (దాచుకున్న రంగులు, పొజిషన్లు), ఎఫెక్ట్‌లు చేతికి అలవాటయ్యాక ఎంఏ3కి వెళ్తే ఆ మెనూలు అంత భయపెట్టవు. ఒక్క మినహాయింపు. మీరు పనిచేయబోయే వాళ్ల దగ్గర ఎవలైట్స్ టైటన్ బోర్డు ఉంటే నేరుగా దాని పీసీ సాఫ్ట్‌వేరే దించుకోండి. అందులో క్యాప్చర్ విజువలైజర్ ముందే కలిపి ఉంటుంది. ఇంట్లో సాధన చేసిన బటన్లే సాయంత్రం బోర్డు మీదా ఉంటాయి.