గంజాయి కేసుల తెలుగు చట్టం పుస్తకం: ఒక్క మాట తేడాకి పదేళ్లు

విశాఖ కోర్టుల్లో ఇరవై మూడేళ్లుగా వకీలు గుమాస్తాని. మా సీనియరుగారి దగ్గరికొచ్చే కేసుల్లో సగం గంజాయివే. పాడేరు, చింతపల్లి, జి.మాడుగుల వైపు నుంచి వచ్చే తల్లులూ పెళ్లాలూ ఆయన్ని అడగడానికి జంకి, వరండాలో నన్ను పట్టుకుంటారు. "ఎన్నేళ్లు పడతాది బాబూ?" ముందు అడిగేది అదే. వాళ్లకి చదివి వినిపించొచ్చు కదా అని మొన్న వేసవిలో ఎన్‌డీపీఎస్ చట్టం, అంటే మత్తుమందుల చట్టం, తెలుగు పుస్తకం 240 రూపాయలు పెట్టి కొన్నాను. ఎవరు వేశారో రాయను, ఒకరి పొట్ట కొట్టడం ఎందుకు?

ముందు మంచి చెప్పాలి. అక్షరాలు పెద్దవి, కళ్లజోడు మర్చిపోయిన రోజు కూడా చదవగలిగాను. సెక్షన్ 50, అంటే ఒంటి మీద సోదా చేసే ముందు గెజిటెడ్ అధికారి దగ్గరికో మేజిస్ట్రేటు దగ్గరికో తీసుకెళ్లమని అడిగే హక్కు, మా బంట్రోతుకి చదివితే ఒక్కసారికే అర్థమైంది. ఇంగ్లీషు పాఠం ఎదురు పేజీలో ఉండటం ఇంకా మేలు. ఆ ఇంగ్లీషు లేకపోతే నేనూ మోసపోయేవాణ్ణే.

ఎందుకంటే ఈ చట్టంలో శిక్ష తేల్చేది ముందు తక్కెడ, ఆ తర్వాతే జడ్జీగారు. 2001 అక్టోబరుకి ముందు గంజాయికి బరువుతో పని లేకుండా అయిదేళ్లే గరిష్ఠం. ఆ తర్వాత మూడు మెట్లు పెట్టారు. కిలో లోపు చిన్న మొత్తం: ఏడాది దాకా జైలు, లేదా పదివేల దాకా జరిమానా, లేదా రెండూ. 20 కిలోలు దాటితే కమర్షియల్, అంటే వ్యాపార మొత్తం: పదేళ్లకి తగ్గడానికి లేదు, ఇరవై దాకా వెయ్యొచ్చు, జరిమానా లక్షకి తగ్గదు. నడిమి మెట్టుకి కింది హద్దు లేదు, పై హద్దు పదేళ్లు, లక్ష. జడ్జీగారి చేతికి నిజంగా వెసులుబాటు ఉండేది ఈ నడిమి మెట్టు మీదే.

ఇంత ముఖ్యమైన బరువుల పట్టికని పుస్తకం చిట్టచివర, అట్టకి ఆనించి కుట్టారు. నెల తిరక్కుండా ఆ కాగితం ఊడి చేతికొచ్చింది. సరే, జిగురు పెట్టుకున్నాను. కానీ కమర్షియల్ మొత్తం అంటే "20 కిలోలు, అంతకు పైన" అని తెలుగు చేశారే, దాన్ని ఏ జిగురు అతికిస్తుంది? చట్టంలో ఉన్నది పట్టికలోని బరువు కంటే ఎక్కువ అని. సరిగ్గా 20 కిలోలు తూగితే అది నడిమి మెట్టే. ఈ పుస్తకం చదివినవాడు ఆ మనిషికి పదేళ్లు ఖాయం అనుకుని ఇంటికెళ్లిపోతాడు. ఇది ఊహకి చెప్పడం లేదు. మా దగ్గర ఒక ఆటో డ్రైవరు కేసు ఉంది, బరువు 20 కిలోల 400 గ్రాములు. గోనెసంచితో కలిపి తూచారా, విడిగా తూచారా? పూత కొమ్మలే ఉన్నాయా, ఉత్త ఆకు కూడానా? పూత లేని ఉత్త ఆకూ, గింజా చట్టం లెక్కలో గంజాయి కావు. వీటి మీదే సీనియరుగారు పంచాయతీదార్లని, అంటే సోదాకి సాక్షులుగా సంతకం పెట్టినవాళ్లని, పొద్దంతా అడిగారు. ఆ 400 గ్రాముల కోసం అతని తమ్ముడు ఇప్పటికీ వాయిదాకోసారి బస్సెక్కి వస్తున్నాడు.

ఇంకా ఉన్నాయి. చిన్న మొత్తానికి ఆరు నెలలే అని వేశారు, 2014 సవరణతో అది ఏడాది అయింది. హెరాయిన్ లాంటివాటిలో కల్తీ తీసేసి అసలు సరుకే తూచాలన్న 2008 సుప్రీంకోర్టు తీర్పుని నిక్షేపంగా అచ్చేశారు. 2020 ఏప్రిల్‌లో హీరాసింగ్ కేసులో ముగ్గురు జడ్జీలు ఆ మాట చెల్లదని, కలిపి ఉన్నది మొత్తం తూచాలని చెప్పేశారు. అట్ట మీద మాత్రం "తాజా ముద్రణ".

సెక్షన్ 32-బి అనువాదం బాగుంది. కనీస శిక్ష కన్నా ఎక్కువ వెయ్యాలంటే చూడాల్సినవి అందులో ఉన్నాయి: ఆయుధం వాడటం, మైనర్లని దించడం, బడి దగ్గర చెయ్యడం, ముఠాతో కలవడం వగైరా. అవేకాక జడ్జీకి తోచిన కారణాలూ చూడొచ్చు. రెండోసారి శిక్ష పడితే ఆ పది కాస్తా పదిహేనవుతుందన్న సెక్షన్ 31 కూడా తేట తెలుగులోనే ఉంది.

కానీ తీర్పు రోజు సంగతి ఒక్క ముక్కా లేదు. నేరం రుజువైందని చెప్పాక జడ్జీగారు ముద్దాయిని "శిక్ష గురించి ఏమైనా చెప్పుకుంటావా?" అని అడుగుతారు. మంచాన పడ్డ తల్లి, ఏడాది బిడ్డ, మొదటి తప్పు, కూలికి మూట మోశాను తప్ప సరుకు నాది కాదు... అన్నీ చెబుతారు. నడిమి మెట్టులో ఆ మాటలకి విలువుంది. కమర్షియల్ అయితే పదిని దాటి పైకి పోకుండా ఆపడానికి పనికొస్తాయేమో గానీ, పదిలో ఒక్క రోజు తగ్గించలేవు. మోసినవాడికీ మోయించినవాడికీ కింది హద్దు అదే. రిమాండులో ఉన్న రోజులు శిక్షలో కలుస్తాయా అని ప్రతి ఇల్లాలూ అడుగుతుంది. కలుస్తాయి. అది ఈ చట్టంలో కాదు, క్రిమినల్ ప్రొసీజరులో ఉంటుంది. పాత ప్రొసీజరు చట్టంలో సెక్షన్ 428, ఇప్పుడు దాని బదులు వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో 468. చివర్లో ఒక్క వాక్యం కలిపితే ప్రచురణకర్త సొమ్మేం పోయింది?

అయిదుకి రెండు నక్షత్రాలు, రెండూ అక్షరాల సైజుకీ ఎదురు పేజీకీ. షాపులో ఆ "అంతకు పైన" చూపిస్తే, "మేం అమ్మేవాళ్లమే గుమాస్తాగారూ" అన్నాడు. డబ్బు వెనక్కివ్వలేదు. పెన్ను అడిగి తీసుకుని, బల్ల మీద అమ్మకానికున్న ఆరు కాపీల్లోనూ ఆ మాట కొట్టేసి వచ్చాను. అతను వద్దనలేదు.