ఇంటి పాల కోసం రెండు పొట్టి మేకలు: ఆరేళ్ల తర్వాత

"రోజుకి ఎన్ని పాలిస్తాయి?" అని అడిగేవాళ్లే గానీ, ఏడాదిలో ఎన్నాళ్లిస్తాయని ఎవరూ అడగరు. కొన్నప్పుడు నేనూ అడగలేదు. నావి నైజీరియన్ డ్వార్ఫ్ రకం. ఈనిన మొదటి రెండు నెలలు ఒక్కోటి పూటకి ముప్పావు లీటరు దాకా ఇస్తుంది. ఎనిమిదో నెల వచ్చేసరికి రెండు పూటలూ కలిపి అర లీటరు వస్తే గొప్ప. మళ్లీ ఈనడానికి రెండు నెలల ముందు పితకడం మానేయాలి. తొలి ఏడాది తెలియక రెండిటినీ ఒకేసారి పోతుతో (మగ మేకతో) దాటించాను. రెండూ కలిసి వట్టిపోయాయి. కొట్టంలో రెండు పాడి మేకలు, చేతిలో కొన్న పాల ప్యాకెట్లు! ఇప్పుడు ఐదు నెలల ఎడం పెడుతున్నాను. చూడి దాదాపు 150 రోజులే కాబట్టి లెక్క సులువు. పుట్టిన మగ మేకపిల్లల్ని ఏం చేస్తారో మాత్రం ముందే ఆలోచించుకోండి.

మేకపాలు వాసనొస్తాయంటారు. మొదటి నెల మావీ వచ్చాయి, వాసన కొట్టే పోతు దగ్గర్లో లేకపోయినా. తప్పు నాదే. పితికిన గిన్నె అక్కడే పెట్టి, రెండోదాన్ని పితికి, దాణా వేసి, ఎప్పటికో ఇంట్లోకి తెచ్చేదాన్ని. ఇప్పుడు వెంటనే వడగట్టి ఐసు నీళ్లలో పెడుతున్నాను, వాసన పోయింది. కాచకుండా తాగం, పచ్చిపాలతో సోకే బ్రూసెల్లోసిస్ జబ్బు భయం. కొవ్వు రేణువులు చిన్నవి కాబట్టి మీగడ సరిగా తేలదు. పాలలోని ప్రొటీన్ తీరు వేరు కాబట్టి పెరుగూ గట్టిగా తోడుకోదు. నాకైతే ఇది లోపమే. ఏడాది నిండని పసిబిడ్డలకు తల్లిపాల బదులు ఇవి పట్టొద్దు, ఫోలేట్ అనే విటమిన్ చాలా తక్కువ.

నన్ను నిజంగా టెన్షన్ పెట్టినవి నట్టలు, అంటే కడుపులో పురుగులు. రెండో ఏడు వానలు వెనకబట్టాక, పెద్దది బాగానే మేస్తోంది, పెంటికలు గుండ్రంగానే ఉన్నాయి. ఒక పొద్దున చూస్తే దవడ కింద నీళ్లు నింపిన సంచిలా వేలాడుతోంది. నొక్కితే వేలి గుంట అలాగే ఉండిపోయింది. పశువైద్యుడు కింది కనురెప్ప లాగి చూపించారు. ఎర్రగా ఉండాల్సిన లోపలి పొర కాగితంలా తెల్లగా ఉంది. రక్తం పీల్చే నట్టలట. వీటితో పారుడు ఉండకపోవచ్చు, అందుకే నాకు తెలియలేదు. ఆ రోజు నుంచి ప్రతి ఆదివారం రెండిటి కనురెప్పలూ చూస్తాను. పాలిపోయిన దానికే మందు. ఊరికే అన్నిటికీ పోస్తూ పోతే నట్టలు మందుకి లొంగడం మానేస్తాయి.

దాణా బస్తాకి తాళం వేసుకోండి. ఒక్కసారి దొంగతిండికే కడుపు ఉబ్బి పడిపోయే జీవాలివి.

పితకడం చేతికొచ్చేస్తుంది. మొదట్లో ఒక్కోదానికి 25 నిమిషాలు పట్టేది, సగంసార్లు గిన్నెలో కాలు. ఇప్పుడు ఏడు నిమిషాలు. తొలి రెండు ధారలు నల్లటి కప్పులో పడేసి చూస్తాను, తరకలు కనిపిస్తే పొదుగువాపు మొదలైనట్టే. అసలు బరువు ఆ పనిలో లేదు, రెండు పూటలూ తప్పకపోవడంలో ఉంది. ఇంట్లో ఇంకొకరికి పితకడం రాకపోతే నేనైతే మేకల్ని తెచ్చుకోవద్దనే అంటాను. నేను ఊరెళ్లినప్పుడు మా ఆడపడుచు పితికేది. చిన్నది ఆమెకి రెండు పూటలు చేపలేదు, పాలు వదల్లేదు. మూడో పూట నా పాత చొక్కా తొడుక్కుని కూర్చుంటే చేపిందట.