ఒకటి కొన్నాను, మూడయ్యాయి

ఈ అక్వేరియం షాపుకి నేను ఇస్తున్న నాలుగు స్టార్లలో రెండు, మొదటిసారి వెళ్ళినప్పుడు నాకు సరుకు అమ్మనందుకు. ఇంట్లో ఉప్పునీళ్ళ ట్యాంకు పెట్టి అప్పటికి రెండు నెలలే. నీలం లైటు కింద గులాబి రంగు బబుల్ టిప్ అనిమోన్‌ని (రాయిని పట్టుకుని పువ్వులా కనిపించే సముద్రపు జీవి) చూసి ఆగలేక పర్సు తీశాను. కౌంటర్లో కుర్రాడు "ట్యాంకు పెట్టి ఎన్నాళ్ళయింది మేడం?" అని అడిగి, "ఆరు నెలలు దాటాక రండి, ఇప్పుడు తీసుకెళ్తే చచ్చిపోతుంది" అన్నాడు. ఓనరు కూడా అదే మాట. చేతికొచ్చిన బేరం వదులుకునే దుకాణం హైదరాబాద్‌లో నాకు ఇంతకుముందు తగల్లేదు.

ఏడో నెలలో మళ్ళీ వెళ్ళాను. 4,500 రూపాయలు. ప్యాక్ చేసే ముందు పాదం, అంటే రాయిని పట్టుకునే అడుగు భాగం, ఎక్కడా చిరగలేదని, నోరు వేలాడకుండా మూసుకునే ఉందని చూపించారు. ఇంటికెళ్ళాక సెలైన్ పైపుతో మా ట్యాంకు నీళ్ళు చుక్కచుక్కగా గంటన్నర కలపమన్నారు. చేపలకు జబ్బు చేసినా రాగి కలిసిన మందు ట్యాంకులో పోయొద్దని బిల్లు వెనక రాసిచ్చారు. రాగి అనిమోన్‌కి విషం. మా నారింజ రంగు క్లౌన్ చేపల జాతి సముద్రంలో ఈ రకం అనిమోన్‌లో ఉండదట, అయినా ట్యాంకులో అలవాటు పడొచ్చన్నాడు ఓనరు. ఐదో వారానికి రెండూ అందులో కాపురం పెట్టాయి.

ఒక్కటి మాత్రం చెప్పలేదు, అది చీలుతుందని.

మే నెలలో ఒకరోజు మధ్యాహ్నమంతా కరెంటు లేదు. ట్యాంకు 26 డిగ్రీల నుంచి 30కి పోయింది. కంగారుపడి మర్నాడు దాదాపు సగం నీళ్ళు మార్చేశాను. ఆ రాత్రి మా అత్తయ్య "అమ్మాయ్, నీ పువ్వు చిరిగిపోతోంది చూడు" అని పిలిచింది. వెళ్ళి చూస్తే పాదంలో ఒక సగం రాయి నెర్రెలో పట్టుకుని ఉంది, ఇంకో సగం అవతలి వైపుకి పాకుతోంది. మధ్యలో చపాతీ పిండి లాగినట్టు సాగి, సన్నగా, వెనకున్న రాయి కనిపించేంత పల్చబడింది. నోరు ఎక్కడుందో తెలియలేదు. అంచుల్లో గోధుమరంగు పోగులు వేలాడుతున్నాయి. పోయిందనే అనుకున్నాను.

రాత్రి పదకొండుకి షాపు నంబరుకి వీడియో పెట్టాను. పది నిమిషాల్లో ఓనరు వాయిస్ మెసేజ్: "చావట్లేదు మేడం, రెండవుతోంది. చెయ్యి పెట్టకండి. నీళ్ళు మళ్ళీ మార్చకండి. వారం దాకా తిండి పెట్టకండి, నోరు మానాలి. ఇంతకీ రొయ్య ఎన్నాళ్ళకోసారి పెడుతున్నారు?" రోజు విడిచి రోజు, అన్నాను. నవ్వాడు. బాగా మేపినా చీలుతుందట, ఇబ్బంది పెట్టినా చీలుతుందట. నేను రెండూ చేశాను! తెల్లారేసరికి రాయికి అటొకటి, ఇటొకటి, నలిగిన బంతిపూల్లా. వారం పోయాక గోరంత రొయ్య ముక్క పెడితే రెండూ పట్టుకున్నాయి.

ఇక తగ్గించిన ఆ ఒక్క స్టారు సంగతి. అనిమోన్‌తో పాటే వేవ్‌మేకరు (ట్యాంకులో నీళ్ళు కదిలించే చిన్న ఫ్యాను) కూడా వీళ్ళే అమ్మారు. దానికి స్పాంజి కవరు వెయ్యాలని ఎవరూ అనలేదు. చీలిన రెండోది చోటు నచ్చక తిరుగుతూ తిరుగుతూ దాని పక్కకే చేరింది. ఇంకో రెండంగుళాలు పోతే రెక్కల్లో పడి ముక్కలయ్యేది, ఆ కుళ్ళుకి చేపలు కూడా పోయేవి. నేను చూసి ఆపేశాను కాబట్టి సరిపోయింది. అడిగితే "అందరికీ తెలుసనుకున్నాం మేడం" అన్నారు. అందరికీ తెలిస్తే మిమ్మల్నెందుకు అడుగుతాం? కవరు ఊరికే ఇచ్చారు, అది వేరే విషయం. ఇంకోసారి వీళ్ళ ఉప్పునీళ్ళ క్యానులో ఉప్పు ఎంతుందో చెప్పే సాంద్రత కొలిస్తే 1.025 ఉండాల్సింది 1.021 వచ్చింది. వాదించకుండా మార్చారు గానీ, మీరు మాత్రం కొలవకుండా పోయకండి.

రెండోదాన్ని రాయి నుంచి ఊడదీసే కిటుకు కూడా వీళ్ళదే. కవర్లో ఐసు ముక్కలు వేసి పాదానికి ఆనించి పట్టుకోవాలి. చల్లదనానికి అదే కొద్దికొద్దిగా వదిలేస్తుంది. గోరు పెట్టి లాగితే పాదం చిరిగి చస్తుంది. గ్లౌజు వేసుకోండి. నేను వేసుకోలేదు, మణికట్టు మీద దద్దుర్లు సాయంత్రం దాకా పోలేదు.

జూన్ చివర్లో దాన్ని ఐస్‌క్రీం డబ్బాలో పెట్టుకుని షాపుకి తీసుకెళ్ళాను. వెనక్కి తీసుకుని 1,200 క్రెడిట్ ఇచ్చారు, ఉప్పు బకెట్టు కొన్నప్పుడు తగ్గించారు. మరుసటి ఆదివారం వెళ్తే మాదే, ముందు వరసలో, 3,800 చీటీతో కూర్చుని ఉంది. అత్తయ్య చీటీ చదివి ఓనరు వైపు చూసిన చూపు నేను రాయలేను.

మొన్న గురువారం ఇంట్లో ఉన్నది మళ్ళీ చీలింది. ఈసారి కరెంటు పోలేదు, తిండి వారానికి ఒక్కసారే. వీడియో పెట్టలేదు. నాలుగు వారాలాగి డబ్బాతో వెళ్తాను, రెండు వేలు అడుగుతాను. బేరానికి అత్తయ్యని తీసుకెళ్తున్నాను.