మా టేకు నేల ఎందుకు లేచింది: ఏడేళ్లు వాడాక రాస్తున్న సమీక్ష

మా ఇంట్లో టేకు నేల వేయించి ఏడేళ్లు దాటింది. వేసిన మూడు నెలలకే అది లేచింది. విప్పించి మళ్లీ వేయించాక ఇప్పటిదాకా కదల్లేదు. రెండుసార్లూ దాదాపు అవే పలకలు. మారింది వేసిన పద్ధతి.

మాది హైదరాబాద్‌లో అల్వాల్ వైపు, కింది అంతస్తు. అమ్మకు మోకాళ్ల నొప్పులు. చలికాలంలో మొజాయిక్ మీద కాలు పెట్టాలంటేనే భయపడేది. అందుకే గ్రానైట్ కంటే ఖర్చు బాగా ఎక్కువైనా ఆమె గదికి అసలు టేకే తీసుకున్నాం. గది వెడల్పు పన్నెండు అడుగులు, పొడవు పదిహేను. పలకలు అయిదంగుళాల వెడల్పు, 18 మిల్లీమీటర్ల మందం. లామినేట్ కాదు, ప్లైవుడ్ మీద పల్చటి టేకు పొర అంటించిన రకమూ కాదు. 2018 మే నెలలో పాత మొజాయిక్ తీసేసి, రెండంగుళాల కాంక్రీటు పోసి, ఇరవై అయిదు రోజులకే ప్లైవుడ్ పరిచి పలకలు బిగించారు. నాలుగు వైపులా గోడలకు ఆనించి, సూది దూరే సందు కూడా లేకుండా. ఆ పని చూసి మేం ముచ్చటపడ్డాం.

ఆగస్టులో మొదట పలకల అంచులు అరికాలికి తగలసాగాయి. ఒక్కో పలకా పళ్లెంలా తయారైంది, అంచులు పైకి, మధ్య భాగం కిందికి. పది రోజులకు కిటికీ దగ్గర నాలుగు పలకలు మేకులతో సహా ఊడి గుడారంలా లేచాయి. చీకట్లో అమ్మ తట్టుకుని పడుతుందేమోనని రాత్రంతా టెన్షన్.

నేల వేసిన మేస్త్రి వచ్చి చూసి, "అమ్మగారు నీళ్లు పోసి కడిగి ఉంటారు సార్, శ్రావణమాసం కదా" అన్నాడు. అమ్మ ఆ మాటకు చాలా నొచ్చుకుంది. శుక్రవారం పూజకు కూడా ఆ గదిని గట్టిగా పిండిన గుడ్డతోనే తుడిచింది. నేను పక్కనే ఉన్నాను.

తర్వాత తెలిసినవాళ్ల ద్వారా ఒక పెద్ద వడ్రంగిని పిలిపించాం. ఆయన లేచిన పలక ఒకటి ఊడదీసి తిప్పి పెట్టాడు. పైన పాలిష్ నిక్షేపంగా ఉంది. అడుగున నల్లటి చెమ్మ మరకలు, ప్లైవుడ్ మీద బూజు. లేచిన నాలుగు పలకలనూ వాటి కింది ప్లైవుడ్‌నూ తీయించి, కాంక్రీటు మీద అడుగున్నర చదరం పాలిథీన్ షీటు పరిచి, నాలుగంచులూ టేపుతో అంటించాడు. మర్నాడు విప్పితే షీటు లోపల నీటి బొట్లు. "మీరు పోసిన నీళ్లు కాదమ్మా, కాంక్రీటులో నీళ్లు" అని అమ్మతోనే చెప్పాడు. కాంక్రీటు ఆరడానికి అంగుళం మందానికి సుమారు నెల పడుతుందట. మాది రెండంగుళాలు, మేం ఆగింది ఇరవై అయిదు రోజులు.

కాంక్రీటు చెమ్మ సగం కారణమే. మిగతా సగం గోడల దగ్గర సందు వదలకపోవడం. వానాకాలంలో తలుపులు పట్టేస్తే చిత్రిక పట్టించడం మనకు తెలిసిందే కదా. నేల కూడా అదే చెక్క. గాలిలో తేమ పెరిగితే పీల్చుకుంటుంది, తగ్గితే వదిలేస్తుంది. నరికి ఎన్నేళ్లయినా ఈ గుణం పోదు. పొడవునా దాదాపు పెరగదు, అడ్డంగా ఉబ్బుతుంది. మే నెలలో మా పలకల్లో తేమ 8 శాతమని అమ్మినవాళ్ల చీటీలో ఉంది. ఆగస్టులో పెద్ద వడ్రంగి దగ్గరున్న, చెక్కలో తేమ కొలిచే మీటరు 13 చూపించింది. టేకులో తేమ ఒక శాతం పెరిగితే, కోసిన తీరును బట్టి, వెడల్పు వెయ్యింట రెండు వంతుల దాకా పెరుగుతుంది. అయిదు శాతానికి, పన్నెండడుగుల గదిలో అది 3 సెంటీమీటర్లు దాటుతుంది. కొంత కీళ్లలో నలిగి సర్దుకుంటుంది, గోడల దగ్గర సందు లేదు కాబట్టి మిగిలినదానికి పైకి లేవడం తప్ప దారి లేదు. కాగితం మీద లెక్క వేసి చూశాను. గోడల మధ్య ఒక్క సెంటీమీటరు ఎక్కువైనా మధ్యలో 13 సెంటీమీటర్ల దాకా ఎత్తు రావచ్చు. అంత చిన్న కొలత అంత పెద్ద పలకల్ని మేకులతో పెకిలించిందంటే అప్పటిదాకా నమ్మలేకపోయాను. న్యూజెర్సీలో ఉన్న చెల్లెలికి ఇదంతా చెప్పాను, వాళ్లది రెడ్ ఓక్ నేల. ఆ చెక్క టేకుకు దాదాపు రెట్టింపు ఉబ్బుతుంది.

అంచులు లేచిన పలకల్ని వెంటనే సాండింగ్ చేయించి చదును చేద్దామన్నాను. పెద్దాయన ఒప్పుకోలేదు. తడి మీద అంచులు అరగదీస్తే, ఆరాక మధ్య భాగం ఉబ్బుగా మిగిలిపోతుంది. మొత్తం విప్పించి, పలకల మధ్య బద్దలు పెట్టి పేర్చి, చలికాలమంతా నేలను ఖాళీగా వదిలేశాం. పాలిథీన్ పరీక్షలో షీటు పొడిగా వచ్చాక కాంక్రీటుకు చెమ్మ ఆపే ఎపాక్సీ పూత రెండుసార్లు వేశారు. 2019 ఫిబ్రవరిలో, మీటరు 10 చూపించినప్పుడు మళ్లీ బిగించారు. పాడైన పద్నాలుగు పలకలే కొత్తవి. గోడల చుట్టూ 12 మిల్లీమీటర్ల సందు, పది పలకలకోసారి పోస్టుకార్డు మందం ఖాళీ. సందును స్కర్టింగ్, అంటే గోడ అడుగున కొట్టే పట్టీ, కప్పేస్తుంది. స్కర్టింగ్‌ను గోడకే కొట్టాలి, పలకకు కొడితే దాని కదలిక మళ్లీ ఆగిపోతుంది.

2020 అక్టోబరులో నగరాన్ని ముంచెత్తిన వానలప్పుడు రోజూ రసమట్టం పెట్టి చూశాను. ఎక్కడా లేవలేదు. ఏప్రిల్‌లో పలకల మధ్య విజిటింగ్ కార్డు దూరేంత సందు వస్తుంది, ఆగస్టుకు మూసుకుపోతుంది. అది లోపం కాదు. పాలిష్ ఒకసారి, 2022లో, మళ్లీ వేయించాం. కుర్చీ కాళ్ల గీతలు పడ్డాయి. అమ్మ మాత్రం డిసెంబరులో కూడా చెప్పులు లేకుండా తిరుగుతుంది. ఈ ఒక్కదాని కోసమే అయినా మళ్లీ ఇదే వేయిస్తాను. కాకపోతే కొత్తగా కాంక్రీటు పోసిన ఇంట్లో అయితే ఒక వానాకాలం గడిచేదాకా ఆగుతాను. అంత ఆగలేనివాళ్లకు ప్లైవుడ్ మీద టేకు పొర రకమే నయం. అది ఇంతగా ఉబ్బదు.

బాత్రూం గుమ్మం దగ్గర రెండు పలకలు నల్లబడ్డాయి. ఈ వేసవిలో వాటిని తీసి, గుమ్మం నుంచి అడుగు మేర గ్రానైట్ వేయిస్తున్నాం. దానికీ పలకలకూ మధ్య 12 మిల్లీమీటర్లు వదలమని ఇప్పుడే చెప్పి ఉంచాను.