మోదుగ పూసే రోజుల్లో డిండి, పానగల్లు, మన్ననూరు: కెమెరాతో ఒక్క రోజు

మార్చి మొదటి రెండు వారాలు దక్షిణ తెలంగాణలో పిట్టల ఫొటోలకు మంచి అదను. చెరువుల్లో నీళ్లు వెనక్కి తగ్గి బురద అంచులు బయటపడతాయి. చలికాలానికి వచ్చిన వలస బాతులు ఇంకా అన్నీ పోయి ఉండవు. మోదుగలు ఆకు రాల్చి నిండా పూత మీదుంటాయి. చేతిలో ఒక్క రోజే ఉన్నప్పుడు చాలామంది నేరుగా అమ్రాబాద్ పులుల అడవికి పోతారు, పేరు పెద్దది మరి. ఫొటోల కోసమైతే మా ఓటు డిండి రిజర్వాయరుకు. అడవిని సాయంత్రానికి పెట్టుకోండి.

ఇదంతా వెలుతురు లెక్క. పొద్దు ఆరున్నరకు అటూ ఇటుగా పొడుస్తుంది. తొమ్మిది దాటితే నీళ్ల మీద ఎండసెగ లేచి దూరంగా ఉన్న బాతు అంచులు అలికినట్టు వస్తాయి. ఫోకస్ కుదరలేదని అందరూ లెన్స్‌ను తిట్టుకుంటారు కానీ, తప్పు మధ్యలో ఉన్న గాలిది. 600 ఎం.ఎం. లెన్స్ పెట్టినా అది పోదు. దూరం తగ్గించుకోవాలి, లేదా కెమెరా సంచిలో పెట్టి ఇడ్లీ తినాలి. పనికొచ్చే రెండున్నర గంటలు నీళ్ల దగ్గరే గడపాలి. అడవిలో ఆ వేళకు చెట్ల కిందకు వెలుతురు ఇంకా దిగదు, కెమెరా వెలుతురు పట్టే శక్తిని, అంటే ఐఎస్ఓను, 6400 దాటించినా పిట్ట మసకగానే పడుతుంది.

హైదరాబాద్ నుంచి శ్రీశైలం రోడ్డు మీద కడ్తాల్, ఆమనగల్లు దాటి డిండి. రాత్రే చేరి పడుకోవడం మేలు. రిజర్వాయరు దగ్గర టూరిజం వారి వసతి ఉంది. ఎక్కడ దిగినా గది తీసుకునేటప్పుడే అడగాల్సినవి రెండు: తెల్లవారుజామున ఐదున్నరకు గేటు తీస్తారా, బ్యాటరీలు ఛార్జి చేసుకోవడానికి రాత్రంతా కరెంటు ఉంటుందా. టిఫిన్ మీద ఆశ వద్దు, ముందు రాత్రే అరటిపళ్లు, బ్రెడ్డు, నాలుగు లీటర్ల నీళ్లు కొనిపెట్టుకోండి.

డిండిలో కట్ట మీద నిలబడి తీస్తే కెమెరా కిందికి వంగి, పిట్ట వెనక ఉత్త నీళ్లే వస్తాయి. నీటి అంచుకు దిగి, లెన్స్‌ను మోకాలి ఎత్తుకు తేవాలి. పొద్దు వీపు వెనక ఉండేటట్టు చోటు చూసుకోండి. గాలి కూడా వెనక నుంచే వీస్తే ఇంకేం కావాలి! పిట్టలు గాలికి ఎదురుగా లేస్తాయి, దిగేటప్పుడూ అంతే, కాబట్టి మీ వైపే వస్తాయి. ఎగిరే కొంగకు షట్టరు వేగం సెకనులో 1/1600 వంతు, నీళ్ల మీద ఎగిరే రివర్ టర్న్ పిట్టకు 1/2500. ఎండలో తెల్లకొంగకు ఎక్స్‌పోజర్ (ఫొటోలో పడే వెలుతురు) −0.7కు తగ్గించాలి, లేకపోతే ఈకల్లో గీతలు మాయమవుతాయి. ఆకాశం మీద నీరుకాకికి +1కి పెంచాలి.

శికంలో, అంటే నీళ్లు తగ్గి బయటపడ్డ చెరువు నేలలో, అడుగు చూసి వేయాలి. తీతువు గుడ్లు గులకరాళ్ల నడుమ చిన్న గుంటలో ఉంటాయి. మామూలుగా నాలుగు, మొనలు లోపలికి తిప్పి, మట్టిరంగు మీద నల్లమచ్చలతో. మనిషి కాలు పక్కనే పడినా కనబడవు. తల్లి మీ నెత్తి మీద తిరుగుతూ అరుస్తుంటే ఫొటోకు మంచి అవకాశం అనుకోకండి, వచ్చిన దారినే వెనక్కి రండి. ఆ ఎండలో పొట్ట ఈకలు నీళ్లలో తడిపి తెచ్చి గుడ్లను చల్లబరుస్తుంది. మీరు అక్కడ నిలబడి ఉన్నంతసేపూ ఆ పని ఆగిపోతుంది.

తొమ్మిదిన్నర తర్వాత రోడ్డు పక్క మోదుగలు. చెట్టు వెనక చెట్టు తిరగకండి. పూత బాగున్నది ఒకటి చూసుకుని గంట కూర్చుంటే గోరింకలు, పసులపోలిగాళ్లు, చిలుకలు వాటంతటవే వస్తాయి. పలిగపిట్టల (గులాబి గోరింకల) గుంపు దిగిందంటే కొమ్మ కనబడదు. తేనెపిట్ట మగది ఈ రోజుల్లోనే నీలంగా మెరుస్తుంది. ఆటోఫోకస్ కొమ్మలను పట్టేస్తుంది, అందుకని ఒకే పాయింటు పెట్టి విచ్చిన పువ్వు మీద ముందే ఫోకస్ చేసి ఉంచుకోండి. కరెంటు తీగ మీది పాలపిట్టకు కారు దిగొద్దు. ఇంజను ఆపి, కిటికీ అంచున రెండు కిలోల బియ్యం పోసిన సంచి వేసి, దాని మీద లెన్స్ ఆనించండి. ఇంజను ఆపకపోతే ఆ వణుకు ఫొటోలో తెలుస్తుంది.

నల్లగొండ వైపు వారికి, బస్సులో వచ్చేవారికి డిండికి బదులు పానగల్లు ఉదయసముద్రం చెరువు నయం. ఊరు పక్కనే, చూశాక ఛాయా సోమేశ్వరాలయం కూడా అయిపోతుంది. మనుషుల రాకపోకలకు అలవాటుపడ్డ కొంగలు కాబట్టి 400 ఎం.ఎం. సరిపోతుంది. కాకపోతే ఫ్రేమ్‌లో తీగలు, స్తంభాలు తప్పించుకోవడానికే సగం పొద్దు పోతుంది.

మధ్యాహ్నం అచ్చంపేటలో తిని, మూడున్నరకు అమ్రాబాద్ అడవి మొదట్లోని మన్ననూరు. ఫరహాబాద్ సఫారీ పులి కోసం వచ్చేవారిది. జీపు కదులుతూ ఉంటుంది, పక్కవారికి పిట్ట అక్కర్లేదు. బండి మొత్తం మీరే మాట్లాడుకుంటేనే ఆపించుకోగలరు. లేదంటే ఉమామహేశ్వరం గుడి మెట్ల దారి చాలు. అక్కడ అర్ధగంట కదలకుండా నిలబడితే వడ్రంగిపిట్టలు, తోకపిగిలిపిట్ట కనబడవచ్చు. కోతుల ముందు మాత్రం సంచి తెరవొద్దు. మొబైల్‌లో కూతలు వినిపించి పిట్టను రప్పించడం మానండి, గూడు కట్టే కాలంలో అది పిల్లలను వదిలి గొడవకు వస్తుంది. రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు అడవి దారిలో బండ్లు వదలరు. తిరుగు ప్రయాణానికి ఎనిమిదికల్లా మన్ననూరు చెక్‌పోస్టు దాటి హాజీపూర్ వైపు ఉండండి.